మార్టిన్ జాన్సన్: సిడ్నీలో కెప్టెన్, ట్వికెన్‌హామ్‌లో మేనేజర్

2003 నవంబరు 22, సిడ్నీ. రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్‌లో ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోవస్తోంది. ఆస్ట్రేలియా తరఫున ఎల్టన్ ఫ్లాట్లీ పెనాల్టీ కొట్టి స్కోరు 17-17 చేశాడు. ఇంగ్లండ్‌కు మిగిలింది రెండు నిమిషాల పైచిలుకు. లైనౌట్‌లో, అంటే పక్క గీత అవతలికి పోయిన బంతిని రెండు జట్ల వరసల మధ్యకు విసిరి ఆట మళ్లీ మొదలుపెట్టే చోట, స్టీవ్ థాంప్సన్ బంతిని దగ్గరివాళ్లకు వెయ్యకుండా వరస చివరన ఉన్న లూయిస్ మూడీకి విసిరాడు. దగ్గరికి వేస్తే పట్టడం తేలికే గానీ అక్కణ్నుంచి మైదానం నడిమికి దారి దొరకదు. చివరికి వేస్తే గురి తప్పే ప్రమాదం ఎక్కువ, కుదిరితే మాత్రం దూసుకుపోవడానికి చోటుంటుంది. మూడీ పట్టాడు. మైక్ క్యాట్ నడిమికి గుద్దుకుంటూ వెళ్లాడు. గుంపులోంచి బంతి తీసి అందించే స్క్రమ్ హాఫ్ మ్యాట్ డాసన్ సందు చూసుకుని పరుగెత్తి, బోలెడు దూరం లాగి, పడిపోయాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. డ్రాప్ గోల్ (బంతిని నేలకు తాకించి స్తంభాల మధ్యకు కొట్టే మూడు పాయింట్ల గోల్) కొట్టాల్సిన జానీ విల్కిన్సన్‌కు బంతి సరిగ్గా అందించగలిగినవాడు గుంపు అడుగున ఉన్నాడు.

డాసన్ లేచేదాకా ఆగాలి. బంతి ఆగితే ఆస్ట్రేలియా వచ్చి మీద పడుతుంది. అప్పుడు కెప్టెన్ మార్టిన్ జాన్సన్ బంతి అందుకుని, తల వంచి, తిన్నగా ఎదుటివాళ్ల మీదికి నడిచాడు. నాలుగడుగులు, ఒక ఢీ, ఇంకో రక్ (నేల మీది బంతి కోసం రెండు జట్ల తోపులాట). ముందుకు జరిగింది ఎంతో దూరం కాదు. కానీ ఆ కాసేపట్లో డాసన్ లేచి తన చోటికి వచ్చాడు, విల్కిన్సన్‌కు బంతి వేశాడు. విల్కిన్సన్ తనకు అంత అలవాటు లేని కుడికాలితో కొట్టాడు. 20-17. గడియారంలో 26 సెకన్లు మిగిలాయి.

ఆ మ్యాచ్ తలుచుకున్నవాళ్లకు గుర్తొచ్చేది విల్కిన్సన్ కాలు. ఇక్కడ మనకు కావలసింది అంతకు ముందరి ఆ నాలుగడుగులు. ఏం చెయ్యాలో తెలియడం, చేసే మనిషి తనే కావడం, రెండూ ఒకే శరీరంలో ఉన్నాయి. కెప్టెన్‌గా జాన్సన్ ఇంగ్లండ్‌ను నడిపించిన టెస్టులు 39, గెలిచినవి 34. అయిదేళ్ల తర్వాత అదే జట్టుకు మేనేజర్‌గా వచ్చి 38 టెస్టులు చూశాడు. గెలిచినవి 21, డ్రా 1, ఓడినవి 16. మనిషి ఒక్కడే, మ్యాచ్‌ల సంఖ్య దాదాపు ఒక్కటే, ఫలితాల్లో మాత్రం ఇంత తేడా. దీనికి కారణం ‘అదృష్టం’ అనో, ‘గొప్ప ఆటగాళ్లు మంచి కోచ్‌లు కారు’ అనో అనేసి వదిలేస్తే అసలు విషయం చేజారుతుంది. ఆ రెండు పనుల్లో ఏది చేతిలో ఉంటుంది, ఏది ఉండదు అన్నది విప్పి చూడాలి.

హైదరాబాద్ హీరోస్ ఆడే రగ్బీ ప్రీమియర్ లీగ్ చూసినవాళ్లకు తెలిసింది ఏడుగురి ఆట. ఇక్కడ చెబుతున్నది పదిహేనుగురి ఆట, 80 నిమిషాలు. అందులో జాన్సన్ లాక్. స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది తలలు కలిపి తోసుకునే చోట, రెండో వరసలో నిలబడి, ముందు వరస తొడల మధ్య తల దూర్చి, బరువంతా వెనక నుంచి తోసేవాడు. లైనౌట్‌లో గాల్లోకి లేచి బంతి పట్టేవాడు. జాన్సన్ ఎత్తు రెండు మీటర్ల పైన, బరువు 115 కిలోలకు పైమాటే. కానీ అంత ఎత్తూ బరువూ ఉన్న లాక్‌లు ప్రతి దేశంలోనూ ఉంటారు. అతణ్ని వేరు చేసింది న్యూజిలాండ్.

1970లో సోలిహల్‌లో పుట్టి, లెస్టర్‌షైర్‌లోని మార్కెట్ హార్బరోలో పెరిగిన కుర్రాణ్ని 19 ఏళ్ల వయసులో ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జాతీయ జట్టు) దిగ్గజం కాలిన్ మీడ్స్ తన ప్రాంతానికి రమ్మని పిలిచాడు. జాన్సన్ కింగ్ కంట్రీ జట్టుకు ఆడాడు, న్యూజిలాండ్ అండర్-21 జట్టులోనూ చోటు సంపాదించాడు. గొర్రెల పెంపకం సాగే ఆ లోపలి ప్రాంతంలో ఫార్వర్డ్స్ (స్క్రమ్‌లో తోసే ఎనిమిది మంది) ఆటకు ఒకటే లెక్క: రక్ దగ్గరికి ఎంత ముందుగా చేరావు, చేరాక ఎదుటివాణ్ని ఎంత శుభ్రంగా అవతలికి తోశావు. తర్వాతి పదిహేనేళ్లు జాన్సన్ ఆడింది ఆ ఆటే. 1993 జనవరిలో వేడ్ డూలీ గాయపడితే ఆఖరి ఘడియలో పిలుపు వచ్చి ఫ్రాన్స్‌ మీద ఇంగ్లండ్‌కు తొలి మ్యాచ్ ఆడాడు. 16-15తో గెలిచారు.

1997లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్లను కలిపి కూర్చే బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ జట్టు దక్షిణాఫ్రికాకు బయలుదేరేటప్పుడు జాన్సన్ ఇంగ్లండ్‌కు కెప్టెన్ కూడా కాదు. ఇంగ్లండ్ కెప్టెన్ ఫిల్ డి గ్లాన్‌విల్‌కు ఆ యాత్రలో చోటే దక్కలేదు. మేనేజర్ ఫ్రాన్ కాటన్, కోచ్ ఇయాన్ మెగీకన్ జాన్సన్‌నే ఎంచుకున్నారు. టాస్‌కని దక్షిణాఫ్రికా గది తలుపు తడితే, తీసినవాడు తలెత్తి పైకి చూడాల్సిన మనిషి కావాలన్నది వాళ్ల ఆలోచన. లయన్స్ సిరీస్‌ను 2-1తో గెలిచారు. 2001లో ఆస్ట్రేలియాకూ అతనే కెప్టెన్. లయన్స్‌కు రెండు యాత్రల్లో కెప్టెన్సీ చేసిన తొలి మనిషి అతను. క్లబ్ స్థాయిలో లెస్టర్ టైగర్స్‌కు 1999 నుంచి 2002 దాకా వరసగా నాలుగు ఇంగ్లిష్ లీగ్ టైటిళ్లు, 2001లోనూ 2002లోనూ యూరప్ కప్పు.

రగ్బీ కెప్టెన్ పని క్రికెట్ కెప్టెన్ పనిలాంటిది కాదు. ఫీల్డింగ్ మార్చడం, బౌలర్‌ను మార్చడం లాంటి తీరిక నిర్ణయాలు తక్కువ. పెనాల్టీ దొరికినప్పుడు మూడు పాయింట్లకు గోల్ కొట్టాలా, టచ్‌లోకి (పక్క గీత అవతలికి) కొట్టి అయిదు పాయింట్ల ట్రై (ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకు ఆనించడం) కోసం లైనౌట్ తీసుకోవాలా, స్క్రమ్ అడగాలా? ఇది కొద్ది సెకన్లలో తేల్చాలి. రిఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్‌దే. మిగతాదంతా ఒంటితో చేసి చూపించాల్సిందే. 2003 జూన్‌లో వెల్లింగ్టన్‌లో నీల్ బ్యాక్, లారెన్స్ డలాగ్లియో ఇద్దరూ ఎల్లో కార్డులతో బయట కూర్చున్నప్పుడు ఇంగ్లండ్ స్క్రమ్‌లో ఎనిమిదికి బదులు ఆరుగురే మిగిలారు. వెనక వరసలో మిగిలింది ఒక్కడే, ఎదురుగా ఎనిమిది మంది న్యూజిలాండర్లు, కాళ్ల వెనకే తమ ట్రై లైన్. ఆ స్థితిలో స్క్రమ్ కుదేలు కావడానికి మామూలు కారణం లాక్‌లు నడుము పైకెత్తడం. నడుము లేస్తే తోపు నేలమీదుగా కాక గాల్లోకి పోతుంది. జాన్సన్, అతని పక్కవాడు కిందికే ఉండిపోయారు. గీత దాటనివ్వలేదు. 15-13తో గెలిచారు.

అదే ఏడాది మార్చిలో డబ్లిన్‌లో మ్యాచ్‌కు ముందు తన జట్టును ఎర్ర తివాచీ మీద ఐర్లండ్ తనదనుకునే వైపు నిలబెట్టాడు. జరగమంటే జరగలేదు. ఐర్లండ్ జట్టు ఇంకా అవతలికి వెళ్లి నిలబడడంతో ఆ దేశ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ గడ్డి మీద నడవాల్సివచ్చింది. మర్యాద కాదని చాలామంది తప్పుపట్టారు, అది సబబే. కానీ జట్టు మాత్రం ఆ మొండితనం నీడలోనే ఆడి 42-6తో గెలిచి గ్రాండ్‌స్లామ్ (యూరప్‌లోని ఆరు దేశాల పోటీ సిక్స్ నేషన్స్‌లో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) కొట్టింది. ఈ డబ్లిన్‌ను గుర్తుపెట్టుకుంటే ముందుముందు పనికొస్తుంది.

జాన్సన్ 2004 జనవరిలో దేశం తరఫున ఆట మానేశాడు, 2005లో క్లబ్ ఆట కూడా. 2008 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ రగ్బీ యూనియన్ అతణ్ని ‘టీమ్ మేనేజర్’గా ప్రకటించింది. అప్పటికి అతను ఏ జట్టుకూ కోచ్‌గా పనిచెయ్యలేదు. పక్కకు తప్పించింది బ్రయాన్ యాష్టన్‌ను. కొన్ని నెలల కిందటే, 2007 అక్టోబరులో, ఇంగ్లండ్‌ను ప్రపంచ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లిన కోచ్.

ఈ ‘మేనేజర్’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మన క్రికెట్‌లో జట్టు మేనేజర్ అంటే హోటల్, బస్సు, పాస్‌పోర్టులు, రిఫరీ విచారణకు ఆటగాడి పక్కన నిలబడడం. ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే సర్వాధికారి. రగ్బీలో ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే నడిచాయి. లయన్స్ మేనేజర్ ఎప్పుడూ మొదటి రకానికి దగ్గర: యాత్రకు పెద్ద, బోర్డుకు జవాబుదారు, పత్రికలకు ముఖం. ఆట కోచ్‌ది. విల్లీ జాన్ మెక్‌బ్రైడ్ 1974లో కెప్టెన్‌గా దక్షిణాఫ్రికాలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వచ్చి, 1983లో మేనేజర్‌గా న్యూజిలాండ్ వెళ్తే టెస్టులు 0-4తో పోయాయి. ఆ ఓటమి అతని ఒక్కడిదీ అని ఎవరూ అనలేదు, కోచ్ జిమ్ టెల్ఫర్ కాబట్టి.

మొదటి రకం మేనేజర్ పని ఎంత గొప్పగా చెయ్యొచ్చో చూపించినవాడు మోర్నే డు ప్లెసీ. 1970లలో దక్షిణాఫ్రికా జట్టు స్ప్రింగ్‌బాక్స్‌కు 22 టెస్టులు ఆడి, 15 టెస్టులకు కెప్టెన్సీ చేసి, 1995 ప్రపంచ కప్‌లో వాళ్లకే మేనేజర్ అయ్యాడు. స్క్రమ్ ఎలా తొయ్యాలో చెప్పడానికి కోచ్ కిచ్ క్రిస్టీ ఉన్నాడు. డు ప్లెసీ చూసుకున్నది జట్టుకూ దేశానికీ మధ్య ఉన్న ఎడం. దాదాపు అందరూ తెల్లవాళ్లే ఉన్న ఆ జట్టు నల్లవాళ్ల పోరాట గీతం ‘ఎన్‌కోసీ సికెలెల్ ఐఆఫ్రికా’ను మాటమాటా నేర్చుకునేలా ఏర్పాటు చేశాడు. జట్టు రాబెన్ ద్వీపానికి వెళ్లి మండేలా ఉన్న జైలు గది చూసొచ్చింది. మాజీ కెప్టెన్ పేరుకున్న బరువు ఇలాంటి చోట్ల పనికొస్తుంది. మాట చెల్లుతుంది, ఎదురు ప్రశ్న రాదు.

జాన్సన్‌కు ఇచ్చిన కుర్చీ ఈ రెంటికీ మధ్యలో పడింది. పేరు మేనేజర్. బాధ్యత మాత్రం హెడ్ కోచ్‌ది: ఎంపిక, సహాయ కోచ్‌లు, ఆట తీరు, ఫలితం, అన్నీ. శిక్షణ మైదానంలో నేర్పేది ఫార్వర్డ్స్‌కు జాన్ వెల్స్, డిఫెన్స్‌కు మైక్ ఫోర్డ్, స్క్రమ్‌కు గ్రేమ్ రౌన్‌ట్రీ, అటాక్‌కు లండన్ ఐరిష్ నుంచి వచ్చిన బ్రయాన్ స్మిత్. వెల్స్, ఫోర్డ్ యాష్టన్ హయాం నుంచీ ఉన్నవాళ్లే. నలుగురు నాలుగు పనులు చేస్తుంటే, ఆ నాలుగూ ఒక ఆటగా కలుస్తున్నాయా లేదా చూడాల్సినవాడు హెడ్ కోచ్. అటాక్ కోచ్ వెడల్పుగా ఆడమంటాడు, ఫార్వర్డ్స్ కోచ్ దగ్గరగా ఉంచమంటాడు. ఎవరి మాట ఎంత వినాలో తేల్చాలంటే రెండు పనులూ కొన్నేళ్లు చేతులారా చేసి ఉండాలి. ఆ అనుభవం లేకుండా కూర్చోబెట్టడం యూనియన్ తప్పు, జాన్సన్‌ది కాదు.

పని లెక్క ఇదీ. 2008 వేసవిలో క్లబ్బులతో కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం మేనేజర్ ముందుగా 32 మంది ప్రధాన ఆటగాళ్ల జాబితా, దాని కింద సాక్సన్స్ పేరుతో మరో 32 మంది జాబితా ఇవ్వాలి. వాళ్ల జీతాలిచ్చేది క్లబ్బులు. ఏడాదిలో ఎక్కువ రోజులు వాళ్లకు ఆట నేర్పేదీ క్లబ్బులే. జాతీయ జట్టుకు దొరికేది నవంబరు టెస్టులు, వసంతంలో సిక్స్ నేషన్స్, వేసవి యాత్ర. మ్యాచ్‌కు ఆ రోజుల్లో 22 మంది: పదిహేనుగురు, ఏడుగురు రిజర్వులు. శనివారం మ్యాచ్ అంటే ఆదివారం గాయాల లెక్క, వారం మొదట్లో జట్టు ఖరారు, నడిమధ్య గట్టి సాధన, శుక్రవారం కెప్టెన్ చేతికి అప్పగించి తేలికపాటి పరుగు. చూస్తే తెలుస్తుంది, గట్టిగా తోసుకుంటూ నేర్పే రోజులు వారానికి రెండే. అలవాట్లు మార్చడానికి అవి చాలవు. అందుకే జాతీయ కోచ్ క్లబ్బుల్లో ఉన్న అలవాట్లలోంచే ఎంచుకోవాలి.

మొదటి శరత్కాలమే కష్టంగా గడిచింది. పసిఫిక్ ఐలాండర్స్‌ మీద 39-13తో గెలిచాక, సొంత మైదానం ట్వికెన్‌హామ్‌లోనే ఆస్ట్రేలియా 28-14తో, దక్షిణాఫ్రికా 42-6తో, న్యూజిలాండ్ 32-6తో ఓడించాయి. న్యూజిలాండ్ మ్యాచ్‌లో నలుగురు ఇంగ్లండ్ ఆటగాళ్లకు ఎల్లో కార్డులు. ఒక్కో కార్డుకు పది నిమిషాలు పదిహేనుకు బదులు పద్నాలుగు మంది. పది నిమిషాల నష్టం స్కోరులో కన్నా కాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. లేనివాడి చోటు పూడ్చడానికి పరుగెత్తినవాళ్లు ఆఖరి ఇరవై నిమిషాల్లో టాకిల్‌కు (ఎదుటివాణ్ని పట్టి పడగొట్టడానికి) ఒక అడుగు ఆలస్యంగా చేరతారు. ఆలస్యంగా చేరినవాడు చెయ్యి వేస్తాడు, ఆఫ్‌సైడ్‌లో దొరుకుతాడు, మళ్లీ పెనాల్టీ.

2009 ఫిబ్రవరిలో డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో ఇదే కళ్లకు కట్టింది. అప్పటికే ఫిల్ వికరీకి ఒక కార్డు పడింది. రెండో సగంలో రిజర్వుగా దిగిన డానీ కేర్ రక్ దగ్గర, బంతితో సంబంధం లేకుండా, మార్కస్ హోరన్‌ను భుజంతో గుద్దాడు. కార్డు, పెనాల్టీ. రోనన్ ఓగారా దాన్ని గోల్ చేశాడు. పైన స్టాండులో జాన్సన్ ఎదుటి బల్లను పిడికిలితో గుద్దిన దృశ్యం టీవీలో పదేపదే వచ్చింది. ఆఖర్లో డెలన్ ఆర్మిటేజ్ ట్రై వేసి, దానికి కన్వర్షన్ (ట్రై తర్వాత కొట్టే రెండు పాయింట్ల గోల్) కూడా కుదిరాక స్కోరు 14-13. ఓడింది ఒక్క పాయింటుతో, కేర్ ఇచ్చిన పెనాల్టీ విలువ మూడు. ఆరేళ్ల కిందట అదే ఊళ్లో తివాచీ మీద నుంచి కదలని మనిషికి ఆ రోజు కదిలించడానికి మిగిలింది బల్ల ఒక్కటే. కెప్టెన్‌గా ఉంటే కేర్‌ను రక్ దగ్గరికి రాకముందే పేరు పెట్టి అరిచి ఆపేవాడు, లేదా తనే ముందుగా వెళ్లి ఆ పని శుభ్రంగా చేసేవాడు. మేనేజర్ ఆ పనిని సోమవారమే నేర్పి ఉండాలి. శనివారం చెయ్యగలిగింది రిజర్వులను దించడం, విశ్రాంతిలో మాట్లాడడం, అంతే.

అలాగని మూడున్నరేళ్లూ వృథా అనడం అన్యాయం. 2009లో ఫ్రాన్స్‌ను 34-10తో ఓడించారు. 2010లో స్కాట్లండ్‌తో 15-15 డ్రా, ఆటగా చెప్పుకోదగ్గది కాదు గానీ దానివల్ల ఈ రెండు దేశాల మ్యాచ్‌కు ఇచ్చే కలకత్తా కప్పు ఇంగ్లండ్ దగ్గరే ఉండిపోయింది. (ఈ కప్పు కథ మనదే. 1870లలో కలకత్తాలో రగ్బీ క్లబ్బు మూతపడితే, బ్యాంకులో ఉన్న వెండి రూపాయలు తీసి కరిగించి చేయించారు. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు.) ఆ జూన్‌లో సిడ్నీలో ఆస్ట్రేలియాను 21-20తో, నవంబరులో ట్వికెన్‌హామ్‌లో 35-18తో గెలిచారు. ఆ నవంబరు మ్యాచ్‌లో తన ట్రై లైన్ పక్కన బంతి దొరికిన బెన్ యంగ్స్ కొట్టబోయినట్టు నటించి పరుగెత్తాడు. బంతి కోర్ట్నీ లాస్‌కు, అతని నుంచి క్రిస్ యాష్టన్‌కు, అక్కణ్నుంచి ఆగకుండా అవతలి గీత దాకా. టోబీ ఫ్లడ్ కాలి నుంచే 25 పాయింట్లు. 2011లో సిక్స్ నేషన్స్ టైటిల్ ఇంగ్లండ్‌కు వచ్చింది, 2003 తర్వాత మొదటిసారి. ఆఖరి మ్యాచ్ మాత్రం డబ్లిన్‌లో 24-8తో పోయింది, గ్రాండ్‌స్లామ్ దానితోపాటే.

2011 ప్రపంచ కప్‌లో దెబ్బతిన్నది మొదటి రకం మేనేజర్ పని, అంటే డు ప్లెసీ చేసిన పని. క్వీన్స్‌టౌన్‌లో ఆటగాళ్లు బార్‌లో గడిపిన రాత్రి పత్రికలకెక్కింది. రుమేనియాతో మ్యాచ్‌లో సహాయ సిబ్బంది ఇద్దరు కన్వర్షన్ కొట్టే ముందు బంతి మార్చారు. ట్రై వేసిన బంతితోనే కన్వర్షన్ కొట్టాలన్నది నియమం. యూనియనే వాళ్లిద్దరినీ తర్వాతి మ్యాచ్‌కు దూరం పెట్టింది. జట్టు ఓడి వెళ్లిపోయేటప్పుడు ఒక ఆటగాడు ఆక్లండ్ ఓడరేవులో ఫెర్రీ మీద నుంచి నీళ్లలోకి దూకాడు. జాన్సన్ ఆటగాళ్లను పెద్దవాళ్లుగా చూశాడు, కాపలా పెట్టలేదు. అతను ఆడిన లెస్టర్‌లో ఆ కట్టడి లోపలి నుంచే వచ్చేది, సీనియర్లే చూసుకునేవాళ్లు. ఈ జట్టులో అలాంటి సీనియర్లు తగినంతమంది లేరు. ఉన్నవాళ్లలో కొందరే ఆ వార్తల్లో ఉన్నారు.

క్వార్టర్ ఫైనల్‌లో ఎదురైంది వారం కిందటే టోంగా చేతిలో ఓడిన ఫ్రాన్స్. ఇంగ్లండ్ మైక్ టిండాల్ బదులు, విల్కిన్సన్ పక్కన ఇన్‌సైడ్ సెంటర్‌గా ఫ్లడ్‌ను దించింది. ఫ్లడ్ అసలు ఆడే చోటు విల్కిన్సన్‌దే, ఫ్లై హాఫ్. ఇద్దరు పంపిణీదారులు ఉంటే బంతి వెడల్పుగా వెళ్తుందన్నది ఆలోచన. అలాంటి జంటకు మ్యాచ్‌ల అలవాటు కావాలి, నాకౌట్ రోజున దొరకదు. సగం ఆటకు ఫ్రాన్స్ 16-0. బెన్ ఫోడెన్, మార్క్ క్యూటో ట్రైలు వేసినా 19-12తో ఇంటిదారి పట్టారు. 2011 నవంబరు 16న జాన్సన్ రాజీనామా చేశాడు. ఆ తర్వాత యూనియన్ ఆ పదవిని మళ్లీ ‘హెడ్ కోచ్’ అనే పిలిచింది. తాత్కాలికంగా వచ్చి తర్వాత స్థిరపడిన స్టూవర్ట్ లాంకాస్టర్ కింది స్థాయి జట్లకు ఏళ్ల తరబడి నేర్పినవాడు.

జాన్సన్ మేనేజర్‌గా మొదటి మ్యాచ్ ఆడించినప్పుడు కెప్టెన్ స్టీవ్ బోర్త్‌విక్. అతనూ లాకే, 57 టెస్టులాడాడు. 2010లో గాయపడ్డాక జట్టులో చోటే పోయింది. తర్వాత జపాన్‌కు ఫార్వర్డ్స్ కోచ్ అయ్యాడు. 2015లో బ్రైటన్‌లో దక్షిణాఫ్రికాను 34-32తో ఓడించిన జపాన్ జట్టు వెనక ఉన్నవాళ్లలో ఒకడు. అక్కణ్నుంచి ఇంగ్లండ్ ఫార్వర్డ్స్ కోచ్, 2017లో లయన్స్ ఫార్వర్డ్స్ కోచ్. 2020లో లెస్టర్ టైగర్స్‌ను తీసుకునేనాటికి జాన్సన్ పాత క్లబ్ పట్టికలో దాదాపు అడుగున పడి ఉంది. 2022లో అదే క్లబ్ లీగ్ గెలిచింది. ఆ డిసెంబరులో ఇంగ్లండ్ హెడ్ కోచ్ పదవి అతనికి వచ్చింది. 2023 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో దక్షిణాఫ్రికా చేతిలో 16-15తో, ఒక్క పాయింటుతో ఓడి, అర్జెంటీనాను 26-23తో ఓడించి మూడో స్థానంలో నిలిచారు. కెప్టెన్సీ పోయిన రోజుకూ ఈ పదవికీ మధ్య బోర్త్‌విక్‌కు పన్నెండేళ్లు పట్టింది. ఆట మానేశాక జాన్సన్‌కు ఇచ్చింది మూడేళ్లు, అందులో కోచింగ్ ఒక్క రోజూ లేదు.